బొమ్మలో స్వరలిపికి పని ఎలా దొరికింది: ఒక మిక్స్‌డ్ మీడియా కేస్ స్టడీ

సొంత సిరీస్ మీద పనిచేస్తున్న చిత్రకారులతో కూర్చుని, పని ఎక్కడ ఆగిపోయిందో కలిసి వెతకడం నేను చేసే పని. ఈ కేస్ ఒక చిత్రకారిణిది. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను, గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను. సంగీతాన్ని బొమ్మలోకి తేవాలనుకునేవాళ్లు చాలామంది సరిగ్గా ఈవిడ ఆగిన చోటే ఆగుతారు. అందుకే వివరంగా రాయాలనిపించింది.

నేపథ్యం

ఆవిడకు నలభై దాటాయి. ఆక్రిలిక్‌లోనూ కొలాజ్‌లోనూ చేయి బాగా తిరిగింది. చిన్నప్పటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకున్నారు. కచేరీలు చేయలేదు కానీ సాధన మానలేదు. రాసిన స్వరం చూసి పాడగలరు, తాళం తప్పరు. ఈ సంగతి తర్వాత చాలా అక్కరకొచ్చింది.

నా దగ్గరికి వచ్చేనాటికి చెక్క ప్యానెళ్ల మీద ఒక సిరీస్ దాదాపు పూర్తయింది. పాత స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) షీట్లు చింపి అతికించడం, పైన పలచగా రంగు పూయడం, అక్కడక్కడా స్వరాక్షరాలు ట్రాన్స్‌ఫర్ చేయడం, ఒక మూల వాయిద్యం ఆకారం. చూడటానికి బాగానే ఉండేవి. రంగుల పొందిక విషయంలో నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

సమస్య

చూసినవాళ్లంతా "మ్యూజిక్ థీమ్ బాగుందండీ" అని ముందుకు వెళ్లిపోయేవారట. ఆవిడను అంతకంటే బాధపెట్టింది వేరే ఉంది. సంగీతం తెలిసిన ఒకరు ఒక ప్యానెల్ ముందు ఆగి, స్వరాలు చదవబోయి, "ఇవి తిరగేసి ఉన్నాయేమిటి? ఆవర్తనం మధ్యలో తెగిపోయిందే" అన్నారట. ఆవర్తనం అంటే తాళం ఒక పూర్తి చుట్టు. ఆవిడ నాతో అన్న మాట ఇది: "సర్, పాడుతున్నప్పుడు నాలో ఏదైతే నడుస్తుందో అది ఇందులో ఎక్కడా లేదు. పాట ఫొటో పెట్టి పాట అంటున్నట్టుంది."

తిరగబడటానికి కారణం సాంకేతికమైనదే. జెల్ ట్రాన్స్‌ఫర్‌లో లేజర్ ప్రింట్‌ను జెల్ మీడియం (చిక్కటి ఆక్రిలిక్ జిగురు) పూసిన ఉపరితలం మీద బోర్లా అతికించి, పూర్తిగా ఆరాక వెనకనుంచి తడిపి, కాగితం గుజ్జును వేలితో మెల్లగా రుద్దితే టోనర్, అంటే ప్రింట్‌లోని పొడి సిరా, మాత్రమే మిగులుతుంది. బోర్లా పెడతాం కాబట్టి బొమ్మ అద్దంలో కనిపించినట్టు వస్తుంది. ముందే ప్రింట్‌ను తిప్పి తీసుకోవాలి. సరిచేయడానికి నిమిషం పని. కానీ అన్ని నెలలు ఆ ప్యానెల్ ఎదురుగా ఉన్నా ఆవిడ కంటికే అది తగల్లేదంటే, ఆ అక్షరాలను ఆవిడ కూడా చదవడం లేదన్నమాట. నాకు అసలు సమస్య అక్కడ కనిపించింది.

నిర్ధారించుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టాం. ప్యానెళ్ల ఫొటోలు ప్రింట్ తీసి, నొటేషన్ ఉన్న ప్రతిచోటా అదే టోన్‌లో ఉన్న వేరే అచ్చు కాగితం ముక్కలు అతికించాం: న్యూస్‌పేపరు, పాత లెక్కల పుస్తకం, మ్యాప్. బొమ్మ ఏమీ కోల్పోలేదు. మ్యాప్ పెట్టినది ఇంకాస్త బాగుంది కూడా. నొటేషన్ తీసేసినా బొమ్మ నిలబడుతోందంటే అది బొమ్మలో ఏ పనీ చేయడం లేదు, నేపథ్యంలో గీతల టెక్స్చర్‌గా ఉందంతే.

ఇందులో తప్పేమీ లేదు, ఆ మాట ఆవిడకూ చెప్పాను. పికాసో 1912లో కొలాజ్‌లో గిటార్ ఆకారం పక్కన షీట్ మ్యూజిక్ ముక్క అతికించినప్పుడు, నిజమైన వస్తువు బొమ్మలోకి రావడమే కొత్త విషయం. టెక్స్చర్ కోసం వాడుకుంటే అది ఒక నిర్ణయం. కానీ ఈవిడ కోరిక అది కాదు. పాడేటప్పుడు నడిచేది బొమ్మలో నడవాలి. ఆ కోరికను గట్టిగా పట్టుకుని మొదలుపెట్టాం.

మొదట ప్రయత్నించినవి

ఆవిడకు ఎప్పటినుంచో మనసులో ఉన్న ఆలోచన, ఒక్కో స్వరానికి ఒక్కో రంగు. ఏడు స్వరాలు, ఏడు రంగులు. ఇది పని చేయదని నాకు అనుమానం ఉంది. అయినా చేసి చూడమన్నాను, ఎందుకంటే చేయకుండా వదిలేసిన ఆలోచన తర్వాత ప్రతి నిర్ణయానికీ అడ్డుపడుతుంది. ప్యానెల్ మీద కాకుండా చిన్న కాగితాల మీద, ఒకే స్వర వరసతో చేయమన్నాను.

ఫలితం మచ్చలు మచ్చలుగా వచ్చింది. కారణాలు విడదీసి చూశాం. రంగుకీ స్వరానికీ మధ్య అందరూ ఒప్పుకునే బంధం ఏదీ లేదు. ఒకే కాలంలో పనిచేసిన రష్యన్ స్వరకర్తలు స్క్రియాబిన్, రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇద్దరూ సంగీతాన్ని రంగుల్లో ఊహించినవాళ్లే. పాశ్చాత్య స్వరాల్లో 'డి'కి పసుపు అని ఇద్దరూ ఒప్పుకున్నారు కానీ, 'సి' స్క్రియాబిన్‌కు ఎరుపు, రిమ్‌స్కీకి తెలుపు. వాళ్లిద్దరికే కుదరనిది గ్యాలరీలోకి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? పక్కన ఒక పట్టిక పెట్టాలి. పట్టిక పెడితే జనం పట్టికే చదువుతారు, బొమ్మను దాంతో సరిచూసుకుని వెళ్లిపోతారు.

దీనికంటే పెద్ద ఇబ్బందిని ఆవిడే పట్టుకున్నారు. "రాగంలో గాంధారం అన్నిచోట్లా ఒకేలా ఉండదు కదా సర్. ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అన్నదాన్ని బట్టి దాని తీరే మారిపోతుంది. ఇక్కడ మాత్రం అన్నిచోట్లా ఒకటే ఆకుపచ్చ." పైగా ఒక అక్షరకాలం (స్వరలిపిలో ఒక స్వరం పట్టే కాలం) నిలిచిన స్వరమూ, నాలుగు అక్షరాలు సాగిన స్వరమూ ఒకే సైజు చుక్కలు. పాటలో ప్రాణం ఉన్న తేడాలన్నీ ఆ పద్ధతిలో చెరిగిపోయాయి.

తర్వాత ఎత్తును ప్రయత్నించాం. స్వరం పైకి వెళ్తే కాగితం ముక్క పైకి, కిందికి వస్తే కిందికి. చిత్రకారుడు పాల్ క్లే స్వయంగా వయోలిన్ వాయించేవారు. జర్మనీలోని బౌహౌస్ కళా పాఠశాలలో పాఠాలు చెప్పేటప్పుడు స్వరకర్త బాఖ్ రాసిన మూడు గొంతుల సంగీత భాగాన్ని గ్రిడ్ మీద రేఖలుగా గీసి చూపించారు. ఆవిడకు ఆ ఉదాహరణ చాలా ఇష్టం. కానీ క్లే దాన్ని గీసింది విశ్లేషణ కోసం, విద్యార్థులకు అర్థం కావడానికి. ఆయన చిత్రాలు అలాంటి గ్రాఫులు కావు. ఈవిడ స్టడీలు మాత్రం ఆఫీసు చార్టుల్లాగే వచ్చాయి. కన్ను ఎత్తుపల్లాల గీతను ఒక్కసారి చూసి మొత్తం అర్థమైపోయిందనుకుని వదిలేస్తోంది. పాటకు కాలం పడుతుంది, ఇక్కడ కాలమే లేదు.

ఈ మధ్యలో మెటీరియల్ కూడా ఇబ్బంది పెట్టింది. కొన్ని స్వరాల పేజీలను ఇంక్‌జెట్‌లో ప్రింట్ తీసుకుని మీడియంతో అతికిస్తే నీళ్లు తగిలి సిరా పాకిపోయింది. ఆవిడ ప్రింటర్‌లో ఉన్నది నీళ్లలో కరిగే డై సిరా, లేజర్ టోనరైతే పాకదు. పాత షీట్లు అప్పటికే పసుపుబారి, మడతల దగ్గర పొడి రాలుతున్నాయి. చెక్కగుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది ఇంకా ముదురుతుంది. పాత కాగితం అందం కోసం అసలుది వాడితే ఆ మార్పుకు ముందే సిద్ధపడాలి, లేదా ఆమ్లం లేని కాగితం మీద నకలు తీసుకోవాలి.

మలుపు

ఒకరోజు రంగులూ కాగితాలూ పక్కన పెట్టి, రెండు రకాల లిపుల్నీ పక్కపక్కన పెట్టుకుని ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఇందులో ఏ సమాచారం గుర్తుల రూపంలో ఉంది, ఏది పేజీ మీద జాగా రూపంలోనే ఉంది?

స్టాఫ్ నొటేషన్‌లో స్థాయి కంటికి కనిపిస్తుంది. గుర్తు పైకి ఉంటే స్వరం పైనుంది. కాలవ్యవధి మాత్రం గుర్తులో దాగి ఉంటుంది: గుండు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా, కాడకు తోక ఉందా అన్నది చదవడం వచ్చినవాళ్లకే తెలుస్తుంది. మన స్వరలిపి దీనికి దాదాపు తలకిందులు. స, రి, గ అన్నీ ఒకే వరసలో ఉంటాయి, స్థాయి ఎత్తులో కనిపించదు. పై స్థాయికి మీద చుక్క, కింది స్థాయికి కింద చుక్క, అంతే. కాలం మాత్రం జాగాగానే ఉంటుంది. స్వరం ఒక అక్షరం సాగితే కామా ఒక గడి ఆక్రమిస్తుంది, సెమికోలన్ రెండు గడులు. అంగం (తాళంలో ఒక భాగం) పూర్తయితే ఒక నిలువు గీత, ఆవర్తనం పూర్తయితే రెండు. జాగ్రత్తగా రాసిన స్వరలిపి పేజీ అంటే కాలాన్ని గడులుగా పరిచిన పేజీ. ఆవిడ ఇన్నాళ్లూ తనకు చదవడం రాని స్టాఫ్ షీట్లను అందంగా ఉన్నాయని వాడారు. చేతిలో ఉన్న లిపి బొమ్మకు అంతకంటే బాగా పనికొస్తుందని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

ఏ పట్టికా లేకుండా కన్ను గ్రహించగలిగేవి మూడు: పొడవు, ఖాళీ, పునరావృతి. కాబట్టి స్వరం పేరును వదిలేసి, కాలాన్ని తీసుకుందాం అనుకున్నాం.

పనిచేసింది

తెలిసిన కీర్తన వద్దన్నాను. తెలిసిన పాటైతే చూసేవాళ్లు అదేమిటో కనిపెట్టే ఆటలో పడతారు. ఆవిడే ఆది తాళంలో ఒక ఆవర్తనానికి స్వరం కట్టుకున్నారు. ఎనిమిది క్రియలు (తాళం వేసేటప్పుడు చేతి లెక్కలు), క్రియకు నాలుగు అక్షరాలు, మొత్తం 32. ప్యానెల్ వెడల్పు 96 సెంటీమీటర్లు పెట్టుకున్నాం, అక్షరానికి 3 సెంటీమీటర్లు. నాలుగు క్రియల భాగమైన లఘువుకు 48, రెండు క్రియల భాగమైన ఒక్కో ద్రుతానికి 24. ఈ కొలతలు ఎక్కడా సడలించకూడదన్నది ఒకే ఒక్క నియమం. స్వరం పలికిన చోట కొత్త కాగితం పట్టీ మొదలవుతుంది, స్వరం సాగినంతసేపూ అదే పట్టీ కోత లేకుండా సాగుతుంది. రంగు, కాగితం రకం, పట్టీ ఎత్తు పూర్తిగా ఆవిడ కంటికే వదిలేశాం. ఒక నియమం గట్టిగా ఉంటే మిగతా చోట్ల స్వేచ్ఛకు అర్థం వస్తుంది. అన్నిటికీ నియమం పెడితే మళ్లీ చార్టే అవుతుంది.

మొదటి ప్యానెల్లోనే ఒక చిక్కు వచ్చింది. ఆ చిక్కే ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనది. స్వరలిపిలో కామా రెండు పనులు చేస్తుంది. స్వరం సాగడానికీ అదే, గొంతు ఆగి ఊరుకోవడానికీ అదే. పాడేవాళ్లకు ఏది ఏదో అనుభవం చెబుతుంది. బొమ్మలో ఈ రెండూ ఒకటి కావు: సాగితే కాగితం కొనసాగాలి, ఆగితే ప్యానెల్ ఖాళీగా బయటపడాలి. ఆవిడ కత్తెర పట్టుకుని ప్రతి కామా దగ్గరా ఆగి, ఆ వరస పాడుకుని, ఇక్కడ ఊపిరి ఉందా లేదా అని తేల్చుకుని కోశారు. పాడే మనిషి బొమ్మలోకి వచ్చింది సరిగ్గా అక్కడే. లిపి రాయకుండా వదిలేసిన నిర్ణయం చిత్రకారిణి చేతికి వచ్చింది.

ఆవిడ స్వరం సమం (తాళం మొదలయ్యే చోటు) మీద మొదలవదు, రెండు అక్షరాలు వదిలి ఎత్తుకుంటుంది. అంటే ఎడమ అంచున 6 సెంటీమీటర్ల ఖాళీ. ఇది చూసినవాళ్లకు మామూలు మార్జిన్‌లా కనిపించింది. ఫ్రేమ్ కట్టేవారైతే మౌంట్ బోర్డుతో దాన్ని కప్పేయబోయారు. ఖాళీని లెక్కలో ఉన్న ఖాళీగా ఎలా చూపించాలి? బ్రిటిష్ స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూ 1963 నుంచి 1967 దాకా రాసిన 193 పేజీల గ్రాఫిక్ స్కోరులో (మామూలు నొటేషన్ బదులు ఆకారాలతో రాసిన సంగీతంలో) పేజీలన్నిటికీ అడుగున ఖాళీ స్టాఫ్ గీతలు నడుస్తుంటాయి. పైన ఏ ఆకారాలున్నా, ఇది సంగీతపు పేజీ అని అవి గుర్తుచేస్తూ ఉంటాయి. ఆ ఆలోచనతో ప్యానెల్ కింది అంచున 32 సన్నని పెన్సిల్ గీతలు పెట్టాం, సమం నుంచే. అప్పుడు ఎడమ ఖాళీ కింద కూడా రెండు గడులు కనిపించాయి. మార్జిన్ కాస్తా, పాట కోసం తాళం ఎదురుచూసే చోటుగా మారింది. ఫ్రేమ్ కూడా మౌంట్ లేకుండా, అంచులు కప్పని ఫ్లోట్ ఫ్రేమ్‌కు మార్చాం.

పట్టీల విషయంలో చిన్న జాగ్రత్త. తడి జిగురు తగలగానే కాగితం గ్రెయిన్‌కు (నారలు పరుచుకున్న దిశకు) అడ్డంగా ఎక్కువ సాగుతుంది. ఎనిమిది అక్షరాలు సాగిన 24 సెంటీమీటర్ల పట్టీ కొద్దిగా పెరిగి పక్క గడిలోకి వెళ్లేది. మామూలు కొలాజ్‌లో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం తాళం తప్పినట్టే. గ్రెయిన్ పట్టీ పొడవు వెంట ఉండేలా కోయడం మొదలుపెట్టాక ఆ సమస్య దాదాపు పోయింది.

గమకం

అన్నీ కుదిరాక కూడా ఆవిడకు తృప్తి కలగలేదు. "లెక్క ఉంది, పాట ఇంకా లేదు" అన్నారు. నిజమే. పట్టీల మధ్య కోతలు మరీ పదునుగా ఉన్నాయి. గొంతు అలా మెట్లు మెట్లుగా నడవదు.

మామూలుగా రాసుకునే స్వరంలో గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు) ఉండదు, అది గురువు దగ్గర విని పట్టుకోవాల్సిందే. గుర్తులతో రాసిన ప్రయత్నాలు ఉన్నాయి. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు ప్రత్యేక సంకేతాలు వాడారు. ఆవిడ ఆ సంకేతాలనే అతికిద్దామా అని అడిగారు. నేను వద్దన్నాను, ఎందుకంటే మళ్లీ చదవడం వచ్చినవాళ్లకే అందే గుర్తులు వచ్చిపడతాయి. గమకం చేసే పనిని మెటీరియల్‌తో చేయించాలి.

దారం అలా వచ్చింది. జారు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) ఉన్నచోట ఒక పట్టీ మీద మొదలైన దారం కోత దాటి తర్వాతి పట్టీలోకి ఏటవాలుగా పోతుంది. కంపితం (స్వరం వణికినట్టు ఊగడం) ఉన్నచోట దారాన్ని వదులుగా వదిలి, అలలా నిలిచేలా చిన్న చిన్న కుట్లతో పట్టి ఉంచారు. నిలకడగా పలికే స్వరానికి దారమే లేదు. చెక్క మీద కుట్టడం కుదరదు కాబట్టి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) వాటర్‌కలర్ కాగితానికి మారి, ముందు సూదితో రంధ్రాలు పొడిచి, కుట్టి, చివర్లోనే బోర్డుకు అతికించాం. ఈ వరస తప్పితే వెనక ముడులు అందవు. దారం రంగు పట్టీ కంటే కొంచెమే ముదురు. దూరం నుంచి కనపడదు, దగ్గరకొచ్చి కాస్త పక్కకు జరిగితే దాని నీడ తెలుస్తుంది. ఆ దూరాన్ని కావాలనే ఎంచుకున్నాం.

రాసిన స్వరాన్ని పూర్తిగా తీసేయలేదు. ఒకే చోట, పలచని టిష్యూ మీద ఆవిడ చేతిరాతతో, నీళ్లకు చెదరని పిగ్మెంట్ సిరాతో, సరిగ్గా తన తన గడుల కింద ఉంచాం. మ్యాట్ మీడియం తగిలితే టిష్యూ పారదర్శకమై అక్షరాలు మాత్రమే మిగులుతాయి. చదవగలిగినవాళ్లు పట్టీలతో పోల్చి చదువుకోవచ్చు, మిగతావాళ్లకు అది ఒక చేతిరాత వరస.

వేలాడదీసే పద్ధతి కూడా కూర్పులో భాగమే. నాలుగు ఆవర్తనాలు, నాలుగు ప్యానెళ్లు. గోడ మీద వరసగా పెడితే మధ్య ఖాళీ గోడ లెక్కలో లేని కాలంలా అనిపించింది. ఒకదాని కింద ఒకటి పెట్టాం, సమం కింద సమం వచ్చేలా. అప్పుడు ఒకే వరస రెండోసారి ఎలా వచ్చింది, ఎక్కడ మారింది అన్నది నిలువుగా చూస్తేనే తెలిసిపోతోంది. స్వరం పుస్తకంలో రాసుకునే పద్ధతీ అదే.

ఏం తేలింది

కొత్త ప్యానెళ్లను సంగీతం తెలిసిన ఒకరికి చూపిస్తే, ఏమీ చెప్పకముందే చేయి తొడ మీద తాళం వేయడం మొదలైంది, ఎడమ ఖాళీ దగ్గర ఒక దెబ్బ వేసి ఆగి ఎత్తుకున్నారు. సంగీతం తెలియని ఒకరు "ఇది ఎందుకు ఆలస్యంగా మొదలైంది?" అని అడిగారు. బొమ్మను చూసి 'ఆలస్యం' అనే మాట వాడారంటే కాలం అందినట్టే. మళ్లీ పాత పరీక్ష పెట్టాం: పట్టీల కొలతలను ఇష్టమొచ్చినట్టు మార్చి ఒక ప్రింట్ చేశాం. ఈసారి బొమ్మ కూలిపోయింది.

హద్దులు కూడా చెప్పాలి. ఈ ప్యానెళ్లు చూసి ఎవరికీ రాగం వినిపించదు, వినిపిస్తుందని చెప్పడం అబద్ధమవుతుంది. కాలం, ఎడం, సాగుదల, జారు వరకే ఇందులో వచ్చాయి. తాళం శరీరంలో ఉన్న మనిషి కాబట్టే ఆవిడకు ఇది ఇంత త్వరగా కుదిరింది. సంగీతం నేర్చుకోని చిత్రకారులైతే ఈ గడుల్ని యథాతథంగా తీసుకోకుండా, తాము నిజంగా వినగలిగే ఒక్క లక్షణాన్ని, ఉదాహరణకు మళ్లీ మళ్లీ వచ్చే ఒక పల్లవి దూరాన్ని, పట్టుకుని మొదలుపెట్టమంటాను. ఎవరైనా వేరేవాళ్ల స్వరరచన వాడాలనుకుంటే హక్కుల సంగతి ముందే చూసుకోవాలి. రచన పాతదైనా ఆ అచ్చు ప్రతికి హక్కులు ఉండొచ్చు.

ఇప్పుడు రెండో కాలం దగ్గర పని నడుస్తోంది. స్వరాల మీద ఒక గీత గీస్తే వేగం రెట్టింపు, రెండు గీతలైతే నాలుగు రెట్లు. కొలత ప్రకారం 3 సెంటీమీటర్ల గడిలో ఒక స్వరానికి ఒకటిన్నర, మూడో కాలంలో ముప్పావు సెంటీమీటరు. ఒకటిన్నర దాకా కాగితం నిలుస్తోంది. ముప్పావు దగ్గర జిగురు తడికి అంచులు పక్కదాని మీదకు ఎక్కి, వేగం కనపడాల్సిన చోట గజిబిజి కనపడుతోంది. ఆ భాగానికి పట్టీలు మానేసి, రూళ్ల పెన్నుతో సిరా గీతలు గీసి చూస్తున్నారు. గీత మొదట్లో సిరా కాస్త చిక్కగా పడుతుంది కాబట్టి స్వరం ఎక్కడ పలికిందో తెలుస్తోంది. కానీ కాగితం మందం నుంచి ఒక్కసారిగా చదునైన గీతకు మారితే పాట గొంతు తగ్గించినట్టుంది, వేగం పెరిగినట్టు లేదు. గీతల కింద పలచని కాగితం పొర ఒకటి వేస్తే ఎలా ఉంటుందో వచ్చే ప్యానెల్లో చూడబోతున్నాం.